చేపల పొయ్యి ఏ జాబితాలోది?

రాజోలు వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. బస్సులో పక్క సీటాయన "తమరు ఏం చెప్పేవారండి?" అని అడిగితే లెక్కలని చెప్పుకునే అదృష్టం నాకు లేదు. లెక్కల మాస్టారంటే కాస్త జరిగి చోటిస్తారు. సివిక్స్ అనగానే, "ఓహో, అది చదివితే వచ్చేసేదే కదండీ" అని మర్యాదగా నవ్వి కిటికీ వైపు తిరిగిపోతారు. ఆయన మాట నిజమే. చదివితే వచ్చేసేదాన్ని చదవని పిల్లలకి వచ్చేలా చెప్పడమే నా ఉద్యోగం.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన కుర్ర లెక్చరర్లు అప్పుడప్పుడు ఫోను చేస్తుంటారు. "మాస్టారూ, సమాఖ్య ప్రభుత్వం పాఠం ఎలా చెప్పాలండి? పిల్లలు పడుకుంటున్నారు" అంటారు. పిల్లల్ని పడుకోబెట్టడంలో నాకున్న అనుభవం ఈ జిల్లాలో మరొకరికి ఉండదు. అందుకని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో రాయడం లేదు. రాయడానికి తగినన్ని రాలేదు కూడా.

జోల పాఠం

చేరిన కొత్తలో నేను అధికార విభజన పాఠాన్ని చాలా శ్రద్ధగా చెప్పేవాడిని. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా, ఈ మూడింటిలోనూ ఇమడని అవశిష్టాధికారాలు. అన్నీ బోర్డు మీద గళ్ళు గీసి, నోట్సు చెప్పి రాయించేవాడిని. పిల్లలు రాసుకునేవారు. రాసుకున్నదాన్ని వాళ్ళేం చేసుకున్నారో పరీక్షల్లో తెలిసేది.

ఒకబ్బాయి, "కేంద్రము అనగా వృత్తము మధ్యనున్న బిందువు. రాష్ట్రములన్నియు దానికి సమాన దూరములో ఉండును" అని రాశాడు. అప్పుడు సున్నా వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, కేంద్రం అలా ఉంటే అంతకంటే కావలసిందేముంది అనిపిస్తుంది. ఇంకో అమ్మాయి, "ఉమ్మడి జాబితా అనగా అన్నదమ్ములు వేరుపడక ముందు ఉన్న జాబితా" అంది. మండువా ఇంట్లో పుట్టిన పిల్ల. దానికి సగం మార్కులు వేశాను. మిగతా సగం వాళ్ళ బాబాయి ఇవ్వాలి.

మా ప్రిన్సిపాల్ గారు వృక్షశాస్త్రం ఆయన. మొక్కల్ని ఆకుతోనూ, వంటల్ని వాసనతోనూ గుర్తుపట్టగల మనిషి. ఓరోజు తనిఖీ పేరుతో వచ్చి నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి బెంచీ మీద చెయ్యి, చేతి మీద తల. గంట కొట్టగానే లేచి, వరండాలో నా భుజం మీద చెయ్యేసి, "మాస్టారూ, గంటసేపు కేంద్రమూ రాష్ట్రమూ అధికారాలు పంచుకుంటూనే ఉన్నాయి గానీ, ఒక్కళ్ళయినా పొయ్యి వెలిగించలేదేంటండి?" అన్నారు.

నాకు కోపం పొడుచుకొచ్చింది. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే ఆవిడ నా పక్షాన కోపం తెచ్చుకోవడం మానేసి, "ఆయన అన్నదాంట్లో తప్పేముందండీ?" అంది. కొత్తవాళ్ళకి చెప్పేదేమిటంటే, పై అధికారి మిమ్మల్ని ఎగతాళి చేస్తే రెండు రోజులు బాధపడండి, అది మీ హక్కు. మూడో రోజు ఆ ఎగతాళిలో పనికొచ్చే ముక్క ఏదైనా ఉందేమో వెతకండి. నాకు దొరికింది. పొయ్యి.

పులిహోర సమాఖ్య

కార్తీకమాసంలో మా కాలేజీ పిల్లలు మలికిపురం అవతల ఒక కొబ్బరితోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేసుకోవడం ఎప్పట్నుంచో ఉంది. వంట ఏర్పాట్లన్నీ లెక్చరర్లే చూసేవాళ్ళం. నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, మొదటి సంవత్సరం పిల్లలతో ఒక మాట చెప్పాను. ఈసారి మీ ఊళ్ళే రాష్ట్రాలు. గన్నవరం వైపు వాళ్ళు ఒక రాష్ట్రం, మలికిపురం వైపు వాళ్ళు ఒకటి, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గరి పల్లెల వాళ్ళు ఒకటి. క్లాసు లీడరు కేంద్రం. అయితే కేంద్రానికి అడిగే హక్కే ఉంటుంది. దండం పెట్టొచ్చు, దండించకూడదు.

క్లాసు లీడరు వాట్సాప్ గ్రూపులో, "అందరూ తలా ఒకటి తెండి ఫ్రెండ్స్" అని పెట్టాడు. అందరూ బొటనవేలు చూపించారు. బొటనవేలు అంటే సరేననుకున్నాడు పాపం.

ఆరోజు తోటలో గిన్నెల మూతలు తీస్తే గన్నవరం నుంచి చింతపండు పులిహోర, మలికిపురం నుంచి నిమ్మకాయ పులిహోర, వాళ్ళలోనే వేరే జట్టు నుంచి దబ్బకాయ పులిహోర. అన్నం ఇంకొకళ్ళు తెస్తారని అందరూ అనుకున్నారు. పులిహోర అయితే పాడవదు, దారిలో ఒలకదు. విస్తరాకులు లేవు, మంచినీళ్ళు లేవు, మజ్జిగ లేదు. మొగ దగ్గరి పిల్లలు అసలేమీ తేలేదు. వాళ్ళని మిగతావాళ్ళు చాలా రోజులు ఏడిపించారు. ప్రిన్సిపాల్ గారు మూడూ రుచి చూసి, "పులిహోరలో వైవిధ్యం ఉందండి, భోజనంలోనే లేదు" అని తీర్పు చెప్పారు.

తోట యజమాని దయతలిచి బొండాలు దింపించాడు. ఆ నీళ్ళు తాగుతూ పిల్లలకి అమెరికా కథ చెప్పాను. యుద్ధం చేసి రాజుని వదిలించుకున్న కొత్త దేశం. మళ్ళీ ఇంకో రాజు తయారవుతాడేమోనని రాష్ట్రాలకి భయం. అందుకని కేంద్రం చేతులు కట్టేసి కూర్చోబెట్టారు. పన్ను వెయ్యడానికి లేదు, రాష్ట్రాల్ని అడుక్కోవాలి. సైన్యం కావాలన్నా అడుక్కోవాలి. రాష్ట్రాలు ఎంతో వినయంగా "ఆయ్, అలాగేనండి" అనేవి. పంపేవి కాదు.

"వాళ్ళూ పులిహోరే తెచ్చేరన్నమాటండి!" అన్నాడు ఒకడు.

ఆ ఏడు సమాఖ్య పాఠంలో ఒక్కరూ పడుకోలేదు. కొన్నాళ్ళకి అమెరికా వాళ్ళు మళ్ళీ కూర్చుని కేంద్రానికి కాస్త బలమిస్తూ కొత్తగా రాసుకున్నారని, మన పెద్దలు దేశం ముక్కలవడం కళ్ళారా చూసి ఇంకాస్త ఎక్కువ బలమిచ్చారని చెబితే, వాళ్ళకి ఇట్టే అర్థమైపోయింది. దాహం వేసినవాడికి నీళ్ళ విలువ బోర్డు మీద రాసి చూపించక్కర్లేదు కదా.

సత్యవేణి

మరుసటి ఏడాది మొదటి సంవత్సరంలో సత్యవేణి చేరింది. మొగ దగ్గరి పల్లె పిల్ల, హాస్టల్లో ఉండేది. ఒడ్డు మీద నిలబడి నీళ్ళలో ఉన్న పడవని పిలిచే గొంతు. మా క్లాసు గదికి ఆ గొంతు పెద్దదైపోయి పక్క గదిలో లెక్కల మాస్టారు తలుపేసుకునేవారు. మొదటి వారంలోనే లేచి, "మాస్టారండీ, రాష్ట్రం మాట కేంద్రం వినకపోతే ఎవళ్ళకి చెప్పుకోవాలండి?" అంది.

"సుప్రీంకోర్టుకి."

"ఆ కోర్టోళ్ళూ వినకపోతేనండి?"

గంట కొట్టారు. గంట కొట్టే మా అటెండరుకి నేను చాలాసార్లు రుణపడి ఉన్నాను.

కార్తీకం వచ్చిన కొత్తలో ఆ పిల్ల తండ్రి ఏడుకొండలు కాలేజీకి వచ్చాడు. పడవ మీద వేటకెళ్ళే మనిషి. కుర్చీ ఇస్తే దాని అంచున కూర్చున్నాడు. సత్యవేణి గుమ్మం బయట స్తంభం పక్కన నిలబడింది. 

"తవరు ఏవనుకోకండి మాస్టారండీ. రొయ్యల కంపెనీ వ్యాను మా ఊరు దాకా వస్తందండి. మా అన్నయ్య కూతురు పనికెల్తంది. దీన్నీ పంపుతానని చెప్పేసేనండి. కార్తీకం ఎల్లగానే."

"చదువు మధ్యలో ఉంది కదండీ. తెలివైన పిల్ల."

"తెలివుందండి. ఉండబట్టే కదా ఇంతదాకా పంపేను. లెక్కలు సదివితే లెక్కలొస్తాయండి. సైన్సు సదివితే నర్సో గిర్సో అవుద్ది. ఇది సదివితే ఏవొస్తదండి?"

నేను పోటీ పరీక్షల గురించి చెప్పాను, లాయరు చదువు గురించి చెప్పాను, పౌరుడికి ఉండవలసిన అవగాహన గురించి కూడా చెప్పాను. ఆయన బస్సులో పక్క సీటాయన మొహం పెట్టుకుని అంతా విని, "ఆయ్" అన్నాడు. మా వైపు ఆయ్‌లు చాలా రకాలు. సరేననే ఆయ్ ఉంది, విన్నాననే ఆయ్ ఉంది, ఇక ఆపండనే ఆయ్ ఉంది. ఇది మూడోది.

"వనభోజనాలయ్యేదాకా ఉంచండి. ఈసారి పిల్లలే సొంతంగా వండుకుంటున్నారు. మీరూ రండి" అన్నాను. ఇంకేం అనాలో తోచక అన్న మాట అది.

"వస్తానండి. ఎలాగూ హాస్టల్లోంచి దీని బట్టల పెట్టి పట్టుకెళ్ళాలి కదండి" అని లేచాడు.

క్లాసులోంచి ఆడపిల్ల వెళ్ళిపోతుంటే మన చేతిలో ఉండేది చాలా తక్కువ. ఉపన్యాసం అయితే అసలు పనిచెయ్యదు. నేను చాలాసార్లు ఇచ్చి చూశాను. వాళ్ళు నమస్కారం పెట్టి మరీ తీసుకుపోతారు.

రాజ్యాంగ సభ

పులిహోర సంగతి సీనియర్లు చెప్పే ఉంటారు. ఈసారి పిల్లలు ముందే కూర్చుని రాజ్యాంగం రాసుకుందామన్నారు. నేను బల్ల మీద కూర్చుని విన్నాను.

గన్నవరం వైపు కుర్రాడు ప్రకాష్, మాటకారి. ముందుగా లేచాడు. "రాష్ట్రాలూ గీష్ట్రాలూ ఎందుకండి? ఓ వంటాయన్ని మాట్లాడేద్దాం. అందరికీ ఒకటే వంట. గొడవే ఉండదు."

సగంమంది చప్పట్లు కొట్టారు. పని తప్పుతుందంటే బలమైన కేంద్రాన్ని ఇష్టపడేవాళ్ళు ఏ దేశంలోనైనా ఉంటారు.

"గొడవుండదు, రుచీ ఉండదు" అంది సత్యవేణి. "మీ ఇంట్లో తినే కారం మా ఇంట్లో పిల్లలకి పెడతారు. మేం తినే కారం మీరు తినలేరు. అందరికీ ఒకటే అంటే ఎవళ్ళ కారం?"

అక్కడి నుంచి జాబితాలు మొదలయ్యాయి. అన్నం, పప్పు, మజ్జిగ, నీళ్ళు, విస్తరాకులు కేంద్రానికి. ఎవరి కూర, ఎవరి తీపి వాళ్ళ రాష్ట్రానికి. పచ్చడి ఉమ్మడి జాబితా. ఇద్దరూ నూరొచ్చు, తేడా వస్తే కేంద్రం పచ్చడే నిలుస్తుంది. ఇక మిగిలింది అంట్లు. ఏ జాబితాలోనూ లేనివి మన దేశంలో కేంద్రానికి పోతాయి, అమెరికాలో రాష్ట్రాలకి పోతాయని చెప్పాను. "మన రాజ్యాంగమే గొప్పదండి!" అన్నాడు ప్రకాష్. అంత ఏకగ్రీవమైన దేశభక్తిని నేను జెండా వందనంలో కూడా చూడలేదు.

కేంద్రంగా ఎవరుండాలన్న దగ్గర ముడి పడింది. గన్నవరం వాళ్ళని మలికిపురం ఒప్పుకోలేదు, మలికిపురం వాళ్ళని గన్నవరం ఒప్పుకోలేదు. చివరికి, చిన్న రాష్ట్రం మనిషయితే మనల్నేం చేస్తుందిలే అని ఇద్దరూ కలిసి సత్యవేణిని ఎన్నుకున్నారు. కార్తీకం అయిపోగానే ఆమె చదువు ఆగిపోతుందని అప్పటికే అందరికీ తెలుసు. ఆ జాలి కూడా కొన్ని ఓట్లు వేసి ఉంటుంది.

కేంద్రం మొదటి పనిగా రాష్ట్రాల కూరలు చదవమంది. గన్నవరం, కంద బచ్చలి. మలికిపురం, కొబ్బరి వేసిన అరటికాయ. మొగ తరఫున నూకరాజు అనే కుర్రాడు లేచి, "పండుగప్ప పులుసు" అన్నాడు.



"కార్తీకమాసంలో, ఉసిరిచెట్టు కింద, చేపల పులుసేంట్రా?" అన్నాడు ప్రకాష్.

"రాష్ట్ర జాబితా. మా కూర మా ఇష్టం."

"అయితే మేం రాం."

"రాకండి! మేం ఏం తేవాలి మరి? ఇసకా?" నూకరాజు బెంచీలోంచి బయటికొచ్చాడు. "పోయినేడు మా వాళ్ళు చేతులూపుకుంటూ వచ్చి మీ పులిహోర తినేసేరని ఏడిపించింది మీ వాళ్ళు కాదా? మా దగ్గరున్నది చేపే. తెస్తే వద్దంటారు, తేకపోతే నవ్వుతారు."

అందరూ సత్యవేణి వైపు చూశారు. వద్దంటే సొంత ఊరివాళ్ళు లేచిపోతారు. సరేనంటే, మీ ఊరిదానివి కాబట్టి అన్నావంటారు. తర్వాత నావైపు చూశారు. నన్ను సుప్రీంకోర్టు అనుకున్నారు కాబోలు. సుప్రీంకోర్టు ఆ సమయంలో కిందపడిన సుద్దముక్క వెతుక్కుంటోంది. కొత్తవాళ్ళకి ఇది గట్టిగా చెబుతాను. పిల్లల తగువు సరిగ్గా పాకాన పడినప్పుడు మాస్టారు నోరు తెరిస్తే ఆ పాఠం అక్కడితో సరి. ఆ క్షణంలో ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు ఉద్యోగమంతా పట్టింది.

సత్యవేణి చున్నీ అంచు వేలికి చుట్టి విప్పింది. తర్వాత, "ప్రకాష్, నీకు బాధ చేపతోనా, వాసనతోనా?" అంది.

వాడు ఆలోచించాడు. "చేప వాళ్ళ ఆకులో ఉంటే నాకేంటి? వాసన నా ఆకులోకి వస్తుంది."

"అయితే చేప రాష్ట్రానిది. వాసన రాష్ట్రం దాటుతుంది కాబట్టి కేంద్రానిది."

బెంచీలు మోగిపోయాయి. పక్క గది తలుపు దడాలున మూసుకుంది.

"పులుసు మానమని నేను చెప్పను. పొయ్యి ఎక్కడ పెట్టాలో చెబుతాను. చెట్టు కింద కాదు. గాలి అటు తీసుకుపోయేలా, కాలవ గట్టు మీద."

"మనోళ్ళనే గట్టు మీదకి తోసేస్తావేంటే?" అన్నాడు నూకరాజు.

"తోసెయ్యను. అన్నం పొయ్యి, పప్పు పొయ్యి కూడా నీ పక్కనే పెట్టిస్తాను. కేంద్రం అక్కడే కూచుంటుంది. అన్నం కావాల్సినవాళ్ళు అందరూ గట్టు దగ్గరికే రావాలి."

ఒక్కొక్కటీ తూచి చూసుకున్నాక ఇద్దరికీ అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇద్దరూ కాస్త విసుక్కున్నారు. మంచి రాజ్యాంగానికి అది గుర్తు అనుకుంటాను.

గాలి తిరిగింది

వనభోజనాల రోజు పొద్దున్నే ఏడుకొండలు ఆటోలో వచ్చాడు, మంచు వేసిన చేపల బుట్టతో. సాయంత్రం అదే ఆటోలో హాస్టలుకెళ్ళి పెట్టె తీసుకుని కూతురితో ఊరెళ్ళాలని బేరం. కూతురు గట్టు మీద నిలబడి కట్టెలు ఎక్కడ పెట్టాలో అరిచి చెబుతుంటే ఆయన చేపలు కోయడానికి కూర్చున్నాడు.

గాలి ఊళ్ళ మీంచి కాలవ వైపు వీస్తోంది. పొగ, వాసన అంతా కాలవ దాటి అవతల చేల మీదకి పోతోంది. సత్యవేణి లెక్క సరిగ్గా సరిపోయింది. సముద్రం పక్క పుట్టిన పిల్ల కాబట్టి మధ్యాహ్నానికి గాలి తిరుగుతుందనీ తెలుసు. అందుకే ఆలోపే వడ్డన అయిపోవాలని పెట్టుకుంది. ఆమె లెక్కలోకి రాని శక్తి ఒకటుంది, మా ప్రిన్సిపాల్ గారి ప్రసంగం.

విస్తళ్ళు వేశాక, "రెండు మాటలు" అని లేచారాయన. ఉసిరి వృక్షం కుటుంబం, ఆకుల అమరిక, కాయలో ఉండే గుణాలు, పూర్వీకుల ఆహారపు అలవాట్లు. పిల్లలు విస్తళ్ళలో నీళ్ళు చల్లుకుని, ఆరిపోతే మళ్ళీ చల్లుకున్నారు. సత్యవేణి గట్టు మీంచి ఆకాశం వైపూ, నావైపూ చూస్తోంది. నేను నిస్సహాయంగా చేతులు తిప్పాను. ప్రిన్సిపాల్ ఏ జాబితాలోనూ లేరు.

ఆయన "చివరిగా" అంటుండగా గాలి తిరిగింది. సముద్రం వైపు నుంచి చల్లగా వచ్చి, కాలవ దాటి, పులుసు మీదుగా వచ్చి ఉసిరిచెట్టు కింద పంక్తి అంతటా కూర్చుంది. చింతపండు, మెంతులు, పచ్చిమిర్చి, పండుగప్ప. ప్రిన్సిపాల్ గారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. కార్తీక నియమంలో ఉన్నారాయన. ఉన్నా, కళ్ళు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చుకున్నారు. వృక్షశాస్త్రంలో ఆయన్ని అంత ఏకాగ్రతతో నేనెప్పుడూ చూడలేదు.

ప్రకాష్ విస్తరి పట్టుకుని లేచాడు. నూకరాజు గరిటె పట్టుకుని లేచాడు. అయిపోయిందనుకున్నాను.

సత్యవేణి గట్టు మీంచి పరుగెత్తుకొచ్చింది. "ఆగండి! గాలి తిరిగితే కేంద్రం తిరగాలి. నియమం ఉన్నవాళ్ళు ఎవళ్ళెవళ్ళండి? చేతులెత్తండి." నాలుగైదు చేతులు లేచాయి, ప్రిన్సిపాల్ గారిదీ, ప్రకాష్‌దీ. వాడు వాళ్ళ నాయనమ్మకి మాటిచ్చాడట. "మీ విస్తళ్ళు చెట్టుకి ఇటువైపు, నీళ్ళట్యాంకు చాటుకి. నేనే వడ్డిస్తాను. ఒరేయ్ నూకరాజూ, నుంచుని చూస్తావేంట్రా, పులుసు మీద మూతెయ్యి!"

వాడు పరుగెత్తుకెళ్ళి మూత వేశాడు. "నేను వలస పోతున్నానండి" అంటూ ప్రిన్సిపాల్ గారు తన విస్తరి తానే మోసుకుని నడిచారు. గాలి సోకని చోట వాళ్ళకి పప్పూ అన్నం ముందు వడ్డించింది సత్యవేణి. ఆ తర్వాతే గట్టు మీద మూత తీశారు. గన్నవరం నుంచి, మలికిపురం నుంచి నియమం లేనివాళ్ళందరూ గట్టు మీదే కూర్చున్నారు. కాసేపటికి చూస్తే ప్రకాష్ కంద బచ్చలి గిన్నె చంకలో పెట్టుకుని అటే నడుస్తున్నాడు.

"ఏరా, అటు?" అన్నాను.

"ఎగుమతండి! మా కూర వాళ్ళెవరూ తినలేదు" అన్నాడు. పులుసు కుండకి కాస్త ఎడంగా నిలబడి, మొహం పక్కకి తిప్పుకుని, నూకరాజు విస్తట్లో నిండా వేశాడు. వాడు వద్దనలేదు, రెండోసారి కూడా అడిగాడు.

ఆరోజు ఎవరూ లేచిపోలేదు. ఎవరూ ఆకలితో లేరు. నా ఉద్యోగం మొత్తంలో నేను చెప్పిన పాఠాల్లో అది ఒక్కటే పూర్తిగా అరిగింది.

కాలవ రేవులో

భోజనాలవగానే రాష్ట్రాలన్నీ ఆటల్లో పడ్డాయి. రాజ్యాంగం ప్రకారం అంట్లు కేంద్రానివి. సత్యవేణి గుండిగలు కాలవ మెట్ల దగ్గరికి దొర్లించుకొచ్చి, కొబ్బరిపీచుతో తోముతూ కూర్చుంది. నేను కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. అప్పటికే ఏడుకొండలు లుంగీ మడిచి రెండో మెట్టు మీద కూర్చుని అన్నం గుండిగ తోముతున్నాడు.

"మీరెందుకండీ?" అన్నాను.

"సెంటరు గారికి సాయం సేస్తన్నానండి" అని నవ్వాడు. కాసేపు తోమి, నీళ్ళు పోసి, నా వైపు చూడకుండానే అన్నాడు. "మా పేటలో తగువొస్తే ఆరోజుతో మాటలాగిపోతాయండి. ఒడ్డున వల ఎక్కడ లాగాలో రెండు జట్లకీ పడదు. ఒకళ్ళ ఇంట్లో పెళ్ళికి ఒకళ్ళు ఎల్లరు. పెద్దోళ్ళు కూచుంటారు. ఎవళ్ళది తప్పో తేలుస్తారు. తప్పు తేలినోడు అక్కణ్ణించి లేచి ఎల్లిపోతాడు." ఆగి, చెట్టు వైపు చూశాడు. "ఇక్కడ తప్పు ఎవళ్ళదో ఎవళ్ళూ అడగలేదేంటండి?"

"అడిగితే పులుసు చల్లారిపోద్ది నాన్నా" అంది సత్యవేణి తల ఎత్తకుండా.

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. కాలవ అవతల గట్టు మీద గేదెలు కూడా తలెత్తి చూశాయి.

"మాస్టారండీ, ఒకటడుగుతానండి. వేట ఆపమని చెప్తారు కదండి ఏటేటా. ఒడ్డు దగ్గర నీళ్ళు ఒకళ్ళ లెక్కట, బాగా లోపలికెల్తే ఇంకొకళ్ళ లెక్కట. ఈ ఆఫీసుకెల్తే మాది కాదు సెంటరంటారు. ఆ ఆఫీసుకెల్తే స్టేటునడగమంటారు. నీళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి కదండి పడవలోంచి సూస్తే. ఆ గీత ఎక్కడుందో ఈ సదువులో ఉంటదాండి?"

"ఉంటుందండి. ఒడ్డు దగ్గర చేపలు రాష్ట్ర జాబితా. సముద్రంలో హద్దు దాటాక చేపలు కేంద్ర జాబితా. అక్షరాలా రాసి ఉంటుంది."

"ఏ పుస్తకంలోనండి?"

"రెండో సంవత్సరం పుస్తకంలో."

సత్యవేణి తోముతున్న మూత అప్పటికే తళతళలాడుతోంది. అయినా తోముతూనే ఉంది.

ఏడుకొండలు గుండిగని నీళ్ళలో ముంచి, పైకెత్తి, బోర్లించి, అందులోంచి ఆఖరి చుక్క కారేదాకా చూశాడు. గట్టు మీద ఆటో అతను హారను కొట్టాడు. ఈయన చెయ్యి ఊపి, "ఇవాళ పెట్టి లేదురా, నేనొక్కణ్ణే!" అని కేకేశాడు.

సత్యవేణి చేతిలో మూత జారి మెట్లమీద గణగణలాడుతూ కాలవలో పడింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి నీళ్ళలోకి దిగారు. మూత ఆమెకే దొరికింది. నడుందాకా తడిసిన ఆయన మెట్టు మీద నిలబడి లుంగీ పిండుకుంటూ అన్నాడు:

"వచ్చే ఏడు ఆ సముద్రం ఉన్న పాఠం ముందు చెప్పేయండి మాస్టారండీ. మిగతా దేశం సంగతి తరవాత సూసుకుందాం."